సాక్సోఫోను: అట్టమీది బొమ్మ, అచ్చుకాని పేర్లు

సాక్సోఫోను అనగానే మన బోథ్ ప్రాంతం వాళ్లకు మొదట గుర్తొచ్చేది పెండ్లి బ్యాండు. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, తలమీద టోపీ పెట్టుకున్న పదిమంది బరాత్ ముందు నడుస్తుంటారు. క్లారినెట్టు సన్నగా ఒక సినిమా పాట అందుకుంటుంది. దాని వెనుక, ఏనుగు తొండంలా కింద వంగి మళ్లీ పైకి లేచిన ఇత్తడి వాయిద్యం అదే పాటను కొంచెం బొంగురుగా, కొంచెం గారంగా పలుకుతుంది. పిల్లలు దాని మీటలు చూస్తూ వెంటబడతారు. పెద్దవాళ్లు "బాజ బాగుంది" అంటారు తప్ప దాని పేరేమిటని అడగరు. వాయించేవాని పేరు అసలే అడగరు.

సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి మిత్రులు వచ్చినప్పుడు నా బల్లమీద ఒక గ్రామఫోను రికార్డు ఉంది. హైదరాబాదులో స్థిరపడిన మిత్రుడొకరు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ అంగళ్లలో కొని నాకిచ్చాడు. పాత జాజ్ సాక్సోఫోను పాటలు ఏర్చి కూర్చిన సంకలనం అది. అట్టమీద నల్లని నీడబొమ్మగా ఒక మనిషి, చేతిలో సాక్సోఫోను, వెనుక నీలం పొగ. అక్షరాలు 1950ల నాటి తీరులో ఉన్నాయి. అట్ట మాత్రం ఈమధ్య అచ్చయిందే. "సార్, దీనిమీద రాయండి" అన్నారు మిత్రులు. సరే అన్నాను. పాటల గురించి, అట్ట గురించి, ఆ అట్ట చెప్పకుండా వదిలేసిన సంగతి గురించి నాకు తెలిసినంత చెబుతాను.

ఇత్తడిలో పుట్టిన కర్రవాయిద్యం

సాక్సోఫోనుకు ఒక విశేషముంది. అది పుట్టిన తేదీ, పుట్టించిన మనిషి పేరు మనకు ఖచ్చితంగా తెలుసు. మన వేణువును, డోలును ఎవరు కనిపెట్టారో చెప్పలేం. సాక్సోఫోనును కనిపెట్టినవాడు ఆడాల్ఫ్ సాక్స్. 1814లో బెల్జియంలోని దినాన్ అనే ఊళ్లో పుట్టాడు. పారిస్‌లో 1846లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. వాయిద్యానికి తన పేరే పెట్టుకున్నాడు.

ఆయన అవసరమేమిటంటే, ఆరుబయట వాయించే సైనిక బ్యాండులో తీగవాయిద్యాలు వినబడవు, బాకాలు మరీ గట్టిగా మోగుతాయి. రెండింటికీ నడుమ ఉండే గొంతు కావాలి. అందుకని ఇత్తడి గొట్టం చేసి, దాని మూతికి రెల్లు బద్ద బిగించాడు. సన్నాయికి ఆకుల పీక ఉన్నట్టే దీనికి ఒకే ఒక రెల్లు బద్ద ఉంటుంది. పెదవి ఒత్తిడితో అది అదురుతుంది, ఆ అదురే నాదమవుతుంది. చూడడానికి ఇత్తడే అయినా ఈ రెల్లు మూలంగా పాశ్చాత్యులు దీన్ని కర్రవాయిద్యాల జాతిలోనే లెక్కగడతారు.

ఇంకొక మెలిక ఉంది. క్లారినెట్టు గొట్టం మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే లావు. సాక్సోఫోను గొట్టం మూతి దగ్గర సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది. అందువల్ల అవే వేళ్లు ఉంచి ఊపిరి పట్టు మార్చితే సాక్సోఫోనులో అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. క్లారినెట్టులో అట్లా కాదు, పైస్థాయి దాటి అక్కడి పంచమానికి ఎగురుతుంది. ఊదేవానికి సాక్సోఫోను వేళ్లపట్టు సులువు కావడానికి ఇదొక కారణం. సులువుగా మొదలవుతుంది గానీ మనిషి గొంతులా పలికించడానికి ఒక జీవితం పడుతుంది. సోప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ అని దీనిలో నాలుగు సైజులు ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

ఆడాల్ఫ్ సాక్స్ మాత్రం సుఖపడలేదు. పోటీదారులు కోర్టుల చుట్టూ తిప్పారు. దివాలా తీసి, 1894లో పేదరికంలోనే పోయాడు. ఆయన వాయిద్యం అమెరికాలోని నల్లజాతి సంగీతకారుల చేతుల్లో ఏమైందో చూడకుండానే పోయాడు.

సైన్యం నుంచి సినిమాకు, సినిమా నుంచి సభకు

సైనిక బ్యాండ్ల వెంట ఈ వాయిద్యం ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లీషువాళ్లతో మనదేశానికి వచ్చింది. సంస్థానాధీశుల బ్యాండ్లలో చేరింది. అక్కడినుంచి పెండ్లి బ్యాండ్లకు దిగింది. మన బరాత్ ముందు కనిపించే ఎర్రకోటు, జరీ కుచ్చులు ఆ సైనిక దుస్తుల నకలే. మరాఠీ, తెలుగు, గోండి, ఉర్దూ, లంబాడీ ఒకే సంతలో వినబడే మన సరిహద్దు తాలూకాలో ఈ బ్యాండుకు భాషతో పనిలేదు. ఏ ఇంటి పెండ్లికి ఆ ఇంటి పాట వాయిస్తుంది.

రెండోదారి సినిమా. 1969లో వచ్చిన హిందీ 'ఆరాధన'లో వానరాత్రి పాట గుర్తుందా? ఆ పాటలో కథానాయకుని గొంతుతో సమానంగా మనసును మెలిపెట్టేది సాక్సోఫోను. దాన్ని వాయించినవారు మనోహారీ సింగ్. కలకత్తాలో 1931లో పుట్టి, 1958 ప్రాంతంలో బొంబాయికి వచ్చి, 2010లో చనిపోయేదాకా వందల పాటలకు ఊపిరి పోశారు. మన బ్యాండువాళ్లు ఈనాటికీ ఆ పాట వాయిస్తారు. కాని ఆ రోజుల్లో రికార్డు అట్టమీద ఏముండేది? సినిమా పేరు, నాయికానాయకుల బొమ్మ, సంగీత దర్శకుని పేరు, గాయకుల పేర్లు. పాటకు ప్రాణం పోసిన ఊపిరి ఎవరిదో ఉండేది కాదు. తెలుగు సినిమా రికార్డులదీ, తర్వాత వచ్చిన క్యాసెట్లదీ అదే ఆచారం.

మూడోదారి కచేరీ. ఇది మన దక్షిణాదివాళ్లు గర్వపడవలసిన కథ. మంగళూరు దగ్గర ఒక పల్లెలో, నాదస్వర విద్వాంసుని ఇంట 1949లో పుట్టిన కద్రి గోపాలనాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోను చూసి మనసు పారేసుకున్నారు. మీటల వాయిద్యంలో గమకం పలకదని అందరూ అన్నారు. ఏళ్లతరబడి సాధన చేసి ఆయన పలికించారు. ఆయన సాక్సోఫోనులో త్యాగరాజ కీర్తన వింటుంటే, మాటలు లేకపోయినా అది తెలుగు పాటేనని మన చెవికి తెలిసిపోతుంది. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికన్ సాక్సోఫోను విద్వాంసుడు జాన్ హ్యాండీతో కలిసి వాయించారు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరీ చేశారు. అదే ఏడు వచ్చిన 'డ్యూయెట్' సినిమాతో ఇంటింటికీ తెలిశారు. 2004లో పద్మశ్రీ వచ్చింది. అమెరికాలో స్థిరపడిన కన్నడ కుటుంబపు బిడ్డ రుద్రేశ్ మహంతప్ప జాజ్ సాక్సోఫోనులో పేరున్నవాడు. ఆయన గోపాలనాథ్‌తో కలిసి చేసిన 'కిన్స్‌మెన్' ఆల్బం 2008లో వచ్చింది. గోపాలనాథ్ 2019 అక్టోబరు 11న కన్నుమూశారు. ఆ తేదీని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మూడు నిమిషాల నుంచి పది నిమిషాల దాకా

ఇక రికార్డులోని పాటల సంగతి. జాజ్ అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను అవధానంతో పోల్చి చెబుతాను. అవధానికి పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. ఛందస్సు ముందే ఉంది, తప్పడానికి వీల్లేదు. ఆ చట్రంలోనే అవధాని అప్పటికప్పుడు తన పద్యం కడతాడు. జాజ్‌లో కూడా ఒక పాట ఉంటుంది. దానికి ముప్పైరెండు మాత్రాగణాల వంటి కొలత, దాని కింద ఒక వరుసలో నడిచే శ్రుతుల మెట్లు ఉంటాయి. ఆ మెట్లు మారవు. వాటి మీద ఎట్లా నడవాలో మాత్రం వాద్యకారుని ఇష్టం. మన స్వరకల్పనకూ దీనికీ చుట్టరికం ఉంది. మనకు ఆధారం రాగమైతే, వాళ్లకు ఆధారం ఈ మెట్లు.

సంకలనంలో మొదటి పాట కోల్‌మన్ హాకిన్స్ వాయించిన 'బాడీ అండ్ సోల్'. న్యూయార్కులో 1939 అక్టోబరు 11న రికార్డయింది. గోపాలనాథ్ కన్నుమూసిన నాటికి సరిగ్గా ఎనభై ఏళ్ల ముందు. ఇది అందరికీ తెలిసిన ప్రేమపాట. హాకిన్స్ మొదటి కొన్ని గణాలు పాటను ఆనవాలు పట్టించి, తర్వాత దాన్ని వదిలేస్తాడు. రెండు ఆవృత్తాలు తన సొంత పద్యమే చెబుతాడు. అంతా మూడు నిమిషాలు. ఎందుకంత చిన్నది? ఆ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది అంతే. చెప్పదలచుకున్నదంతా మూడు నిమిషాల్లో చెప్పాలి. ఆ బిగువు పాటలో తెలుస్తుంది.

రెండోది చార్లీ పార్కర్ 'కో-కో', 1945 నవంబరు 26. ఇదీ మూడు నిమిషాలలోపే. కాని అందులో పోసిన స్వరాలు ఎన్నో లెక్కపెట్టలేం. మనం చప్పట్లతో తాళం వేయబోతే చేతులు అందుకోలేవు. పార్కర్ వాయించిన తీరు తర్వాతివాళ్లందరికీ బాట అయింది. ఆయన మాత్రం మత్తుమందుల పాలై 34 ఏళ్లకే, 1955లో పోయాడు.

1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చింది. నిమిషానికి 33 చుట్లపైన నెమ్మదిగా తిరుగుతుంది, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పడుతుంది. ఇప్పుడు వాద్యకారునికి తావు దొరికింది. సంకలనంలో మూడో పాట సోనీ రోలిన్స్ 'సెయింట్ థామస్', 1956 జూన్ 22న రికార్డయింది, దాదాపు ఏడు నిమిషాలు. రోలిన్స్ తల్లి కరీబియన్ దీవులవైపు మనిషి. ఆమె నోట విన్న దీవుల పాట వరుసను ఆయన ఇట్లా మలిచాడు. డోలు ముందు మొదలవుతుంది, తర్వాత సాక్సోఫోను నవ్వుతూ వచ్చి కలుస్తుంది. నాలుగోది జాన్ కోల్ట్రేన్ 'బ్లూ ట్రెయిన్', 1957 సెప్టెంబరు. పది నిమిషాలు దాటుతుంది.

ఇట్లా వరుసగా వింటే ఒక సంగతి చెవికి దొరుకుతుంది. రికార్డు పొడవు పెరిగినకొద్దీ ఆలోచన పొడవు పెరిగింది. సంకలనం చేసే మేలు ఇదే. వేరువేరు రికార్డుల్లో చెదిరి ఉన్నదాన్ని ఒక గంటలో చూపిస్తుంది. కొత్తగా వినేవానికి ఇంతకంటె మంచి ద్వారం లేదు.

అట్టకు కూడా ఒక చరిత్ర ఉంది

'ఆల్బం' అన్న మాట ఎట్లా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? 78 చుట్ల కాలంలో ఒక పెద్ద రచనకు నాలుగైదు రికార్డులు కావలసి వచ్చేవి. వాటిని ఫొటోల ఆల్బం మాదిరి కాగితపు సంచుల పుస్తకంగా కుట్టి అమ్మేవారు. పైన దళసరి అట్ట. బొమ్మా గిమ్మా ఏమీ లేదు, ఉత్త పేరు. అంగడి అరలో నిలబెడితే అన్నీ ఒకేలా కనబడేవి.

అలెక్స్ స్టైన్‌వైస్ అనే ఇరవైరెండు, ఇరవైమూడేళ్ల యువకుడు కొలంబియా కంపెనీలో చేరి, ఈ అట్టమీద బొమ్మ వేస్తానన్నాడు. 1940లో రోడ్జర్స్, హార్ట్ పాటల ఆల్బంకు నాటకశాల ముందు వెలిగే దీపాల అక్షరాలతో అట్ట వేశాడు. రికార్డుకు ముఖం వచ్చింది. అక్కడినుంచి అట్ట ఒక కళ అయింది.

జాజ్ అట్టల్లో నాకు ఇష్టమైన ఇద్దరి గురించి చెబుతాను. ఒకరు డేవిడ్ స్టోన్ మార్టిన్. చార్లీ పార్కర్ వంటివారి రికార్డులకు పాళీతో గీసిన గీతబొమ్మలు వేశాడు. గీత ఒకచోట దారంలా సన్నబడి, ఒకచోట సిరా చుక్కగా లావవుతుంది. మన బాపుగారి గీత ఎరిగినవాళ్లకు ఆ బొమ్మలు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఇద్దరికీ సంబంధమేమీ లేదు. కాని ఒక్క గీతతో మనిషి నడుం వంపు, వేళ్ల విసురు పట్టుకునే విద్య ఇద్దరిదీ.

రెండోవాడు రీడ్ మైల్స్. 1939లో న్యూయార్కులో మొదలైన బ్లూ నోట్ కంపెనీకి 1950ల మధ్యనుంచి 1967 దాకా వందల అట్టలు రూపొందించాడు. ఆ కంపెనీ పెట్టిన ఆల్‌ఫ్రెడ్ లయన్, ఆయన నేస్తం ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ బెర్లిన్ నుంచి వచ్చినవాళ్లు. యూదుల మీద హిట్లర్ దమనకాండ ఎరిగినవాళ్లు. రికార్డింగు జరుగుతుండగా వుల్ఫ్ పక్కనుండి ఫొటోలు తీసేవాడు. ఆ ఫొటోను మైల్స్ కత్తిరించి, ఒకే ఒక రంగు పులిమి, అక్షరాలను బొమ్మతో సమానంగా నిలబెట్టేవాడు. తమాషా ఏమిటంటే, మైల్స్‌కు జాజ్ మీద పెద్ద ఆసక్తి లేదంటారు. 'బ్లూ ట్రెయిన్' అట్ట చూడండి. కోల్ట్రేన్ వాయించడం లేదు. ఒక చేయి తలవెనుక, మరో చేతి వేలు పెదవి దగ్గర పెట్టి ఆలోచిస్తున్నాడు. అంతా నీలం. ఒక నల్లజాతి కళాకారుణ్ణి ఆటగానిగా కాక ఆలోచించే మనిషిగా చూపిన అట్ట అది.

ఇది ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అదే 1957లో మైల్స్ డేవిస్ అనే గొప్ప ట్రంపెట్ విద్వాంసుని 'మైల్స్ అహెడ్' రికార్డు పెద్ద కంపెనీలో వచ్చింది. అట్టమీద ఆయన లేడు. పడవమీద కూర్చున్న తెల్లజాతి యువతి ఉంది. ఆయన నిలదీస్తే తర్వాతి ముద్రణల్లో మార్చి ఆయన ఫొటో వేశారు. పాట నల్లవానిది, ముఖం తెల్లవాళ్లది అన్న కాలంలో వాయించినవాని ముఖాన్ని, పేరును పెద్దగా అచ్చువేయడం ఒక న్యాయం. అట్ట వెనుకవైపు ఇంకొక న్యాయం జరిగేది. పియానో ఎవరు, బేస్ ఎవరు, డోళ్లు ఎవరు, ఏ తేదీన ఎక్కడ రికార్డయింది - ఇవన్నీ అక్కడ ఉండేవి.

నీడబొమ్మ వెనుక లెక్క

ఇప్పుడు నా బల్లమీది సంకలనం అట్టకు వద్దాం. నీడబొమ్మ. ముఖం లేదు. పొగ ఉంది. ఆ పొగకు మూలం 1948లో హెర్మన్ లియొనార్డ్ తీసిన డెక్స్‌టర్ గోర్డన్ ఫొటో అయివుంటుంది. గోర్డన్ ఒడిలో సాక్సోఫోను, చేతిలో సిగరెట్టు, వెనుకనుంచి వెలుగు పడి పొగ మేఘంలా మెరుస్తుంది. ఆ ఒక్క ఫొటోను చూసి తర్వాత ఎంతమంది ఎన్ని బొమ్మలు వేశారో! కాని ఫొటోలో గోర్డన్ అనే మనిషి ఉన్నాడు. నా అట్టమీద పొగే మిగిలింది.

ఇంకొక చిత్రం చూడండి. పాత అట్టమీద, లోపలి రికార్డు అంచు రాసుకుని రాసుకుని ఒక వలయం పడుతుంది. కొత్త అట్టమీద ఆ అరుగుదలను కూడా అచ్చువేశారు. పాతదనం ఇప్పుడు ఒక రంగు, సీసాలో పోసి అమ్మవచ్చు.

ఇట్లాంటి సంకలనాలు ఇన్ని రావడానికి చట్టంలో ఒక కారణముంది. యూరప్ దేశాల్లో రికార్డు మీద హక్కు చాలాకాలం 50 ఏళ్లే. 2013లో దాన్ని 70కి పెంచారు గానీ, 1963కు ముందు విడుదలైనవాటికి గడువు అప్పటికే తీరింది, అవి తిరిగి హక్కులోకి రాలేదు. మనదేశంలో రికార్డు వెలువడిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే నేను చెప్పిన నాలుగు పాటలకూ ఆ గడువులు దాటిపోయాయి. అక్కడ ఎవరైనా కూర్చి అమ్మవచ్చు. ఫొటోగ్రాఫరు హక్కు మాత్రం అంత తొందరగా తీరదు. ఆ ఫొటో వాడుకుంటే డబ్బు కట్టాలి, నీడబొమ్మకు అక్కరలేదు. నీడబొమ్మలు పెరగడానికి ఇదీ ఒక కారణమని నా ఊహ.

నీడబొమ్మ తప్పని నేననను. రోలిన్స్ 'సెయింట్ థామస్' మొదట వచ్చిన 'సాక్సోఫోన్ కొలొసస్' రికార్డు అట్ట కూడా దాదాపు నీడబొమ్మే. కాని అక్కడ పేరు ఉంది, వెనుక నలుగురి పేర్లూ ఉన్నాయి. ఆ నీడ ఎవరిదో తెలుసు. నా సంకలనం వెనుక పాటల పేర్లు, నాయకుల పేర్లు మాత్రం చిన్న అక్షరాల్లో ఉన్నాయి. తేదీలు లేవు. పక్కవాద్యాలు లేవు. పాత అట్ట రంగు తెచ్చుకున్నారు, పాత అట్ట చేసిన పని వదిలేశారు.

బోథ్‌లో ఎదురైన ప్రశ్న

ఈ లోటు ఎంతటిదో నాకు బోథ్‌లో తెలిసింది. పోయిన ఎండాకాలం మా వీధిలో ఒక పెండ్లి. మధ్యాహ్నం బ్యాండువాళ్లు వేపచెట్టు కింద కూర్చున్నారు. సాక్సోఫోను వాయించే పెద్దాయన రెల్లు బద్దను నోట్లో నానబెట్టి, బ్లేడుతో అంచు చెక్కుతున్నాడు. కొత్త బద్ద కావాలంటే పట్నం పోవాలట. పక్కన కూర్చుని, సంకలనంలో ఉన్న పాటలే నా సెల్‌ఫోన్‌లో ఉంటే వినిపించాను.

"కాకా, ఇది గూడ నీ బాజనే. ఎట్లున్నది?" అన్నాను.

హాకిన్స్ పాట కళ్లు మూసుకుని విన్నాడు. "పాటను ఇడిసిపెట్టిండు సారూ. ఇడిసిపెట్టి గూడ తొవ్వ తప్పలే" అన్నాడు. జాజ్ మీద నేను చదివినవాటిలో ఇంత కుదురైన మాట తక్కువ.

పార్కర్ పాటకు తల అడ్డంగా ఆడించాడు. "గింత జల్ది గొడితె బరాత్ ఉరుకుతది" అని నవ్వాడు. 'సెయింట్ థామస్' మొదలయ్యేసరికి, డోలు వినబడగానే, ముందుకు వంగాడు. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"గీ డోలు గొట్టెటాయన ఎవలు సారూ?"

అట్ట అక్కడ లేదు. ఉన్నా ప్రయోజనం లేదు, దానిమీద ఆ పేరు లేదు. ఆ పేరు నాకు పాత రికార్డుల వివరాల్లో దొరికింది. మ్యాక్స్ రోచ్. 1924లో పుట్టి 2007లో చనిపోయాడు. వెతుకుతుండగా ఇంకొకటి బయటపడింది. 1945లో పార్కర్ 'కో-కో'కు అంత వేగంగా డోలు వాయించినవాడూ ఆయనే. అప్పటికి వయసు 21. ఒకే సంకలనంలో రెండు పాటలకు వెన్నెముకగా నిలిచిన మనిషి పేరు ఆ అట్టమీద ఎక్కడా లేదు. సంకలనం అన్నమాటకు అర్థం చెదిరినవాటిని కలపడమైతే, ఆ రెండు పాటలనూ నిజంగా కలిపే ముడి అదే. దాన్నే విడదీసి పారేశారు.

మరునాడు పెద్దాయనకు ఆ సంగతి చెప్పాను. "గట్లనా? ఒక్కాయననేనా?" అని మళ్లీ రెండు పాటలూ విన్నాడు. ఈసారి పార్కర్ పాట చివర్లో డోలు ఒక్కటే మోగే చోట చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఇన్నవా? గాయననే" అన్నాడు. పేరు తెలిశాక ఆయన చెవి ఆ పాటలోకి వేరే దారిన పోయింది. పేరు అంటే గౌరవం ఒక్కటే కాదు, అది వినడానికి పట్టుకొమ్మ.

అప్పుడు ఆయన పేరు అడిగాను. చెప్పాడు. పత్రికలో రాస్తానంటే వద్దన్నాడు. "మా మేస్త్రి కోపం జేస్తడు సారూ. పేరంటె గాయనదే ఉండాలె" అని పెద్ద డోలు వైపు చూపించాడు. డోలు చర్మం మీద ఎర్ర రంగుతో బ్యాండు పేరు, యజమాని పేరు, ఫోను నంబరు రాసి ఉన్నాయి. అదే వాళ్ల రికార్డు అట్ట. అందుకని ఆయన పేరు ఇక్కడ లేదు. ఆయన మాట మన్నించాను గానీ నా మనసుకు సమాధానం లేదు.

మన జిల్లా అట్ట సంగతి

ఈ నీడబొమ్మ దూరదేశపు సంగతేనా? మన జిల్లా గురించి అచ్చయ్యే పుస్తకం, క్యాలెండరు, కరపత్రం ఏది చూసినా కుంటాల జలపాతం తర్వాత కనబడేది నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ నర్తకుడు. కింద "గుస్సాడీ నృత్యం" అని ఉంటుంది. ఆ ఈకల కింద ఎవరు? పక్కన డప్పు, తుడుం, పెప్రె వాయించేవాళ్లు ఎవరు? ఏ ఊరివాళ్లు? ఫొటోలో వాద్యకారులను చాలాసార్లు అంచుకే కత్తిరించేస్తారు. పెప్రె ఊదే ప్రధాన్లు గోండుల వంశ చరిత్రలను తరతరాలుగా నోటనే నిలిపినవాళ్లు. రాజగోండుల ప్రతి ఇంటిపేరు చెప్పగలిగిన మనిషి పేరు మన కరపత్రంలో లేదు.

మార్లవాయికి చెందిన కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు, ఆ ఈకల టోపీ కింద ఒక పేరున్న మనిషి ఉన్నాడని చాలామందికి మొదటిసారి తట్టింది. ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఒక్క పేరు వెలుగులోకి రావడానికి పద్మశ్రీ దాకా ఆగవలసి వచ్చింది. మిగతావాళ్లకు అంత పెద్ద బిరుదు అక్కరలేదు. ఫొటో కింద ఒక వరుస చాలు.

విద్యార్థి మిత్రులు ఇందులో చేయగలిగింది ఉంది, ఖర్చు కూడా లేదు. అందరి చేతుల్లో సెల్‌ఫోనులున్నాయి. నాగోబా జాతరలోనో, దండారిలోనో, ఇంటి ముందు బరాత్‌లోనో పాట రికార్డు చేస్తే, చివర నాలుగు మాటలు కలపండి. వాయించినవారి పేరు, వాయిద్యం పేరు, ఊరు, తేదీ. వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే ఎందుకు వద్దన్నారో మీ పుస్తకంలో రాసుకోండి, అదీ చరిత్రే. యాభై ఏళ్లకు ఎవరైనా ఆ పాటలతో సంకలనం వేస్తే, అట్టమీద నీడబొమ్మ వేసుకున్నా ఫరవాలేదు, వెనుక పేర్లు ఉంటాయి.

జాజ్ వినాలనుకునే మిత్రులకు ఒక సలహా. మొదట సంకలనమే వినండి, సంకోచం వద్దు. నచ్చిన పాట ఒకటి పట్టుకుని, అది మొదట ఏ రికార్డులో వచ్చిందో వెతకండి. ఆ రికార్డు అట్ట ముందూ వెనుకా చూడండి. పక్కవాద్యంలో ఒక పేరు ఏర్చుకుని, ఆ మనిషి వాయించిన ఇంకో రికార్డు వినండి. నాలుగు అడుగులు అట్లా వేస్తే సంకలనం చూపని లోకం కనబడుతుంది.

చివరగా సంపాదకవర్గానికి ఒక మనవి. మన సంచికలో ఏటా కార్యవర్గం గ్రూపు ఫొటో వేస్తాం. కూర్చున్నవారు ఎడమనుంచి కుడికి, నిలుచున్నవారు ఎడమనుంచి కుడికి అని పేర్లన్నీ శ్రద్ధగా వేస్తాం. వార్షికోత్సవం సాంస్కృతిక కార్యక్రమం ఫొటో కింద మాత్రం "ఒక దృశ్యం" అని వదిలేస్తున్నాం. ఈసారి ఆ ఫొటోలో మూలన తబలా దగ్గర కూర్చున్న అబ్బాయి పేరు, మైకు సర్దినవాని పేరు కూడా కనుక్కుని వేయండి.